క్రిస్మసు మఱునాటి ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



పండుగ యన్న నేమి? సంవత్సరమున కొకనాడు ఇల్లలికి ముగ్గు పెట్టి, తలంటుకొని, క్రొత్తబట్ట కట్టి, పిండివంట తిని, ఇరుగుపొరుగు వారితో నవ్వుచు మాటలాడుట పండుగ యని పెక్కుమంది తలతురు. ఆ మాట అబద్ధము కాదు. పండుగపూట పిసినారియు పిడికెడు పెట్టును, పగవాడును పలుకరించును, గట్టు తగాదాతో కోర్టు కెక్కిన అన్నదమ్ములును ఒక పంక్తిని కూర్చుందురు. మఱునాటి యుదయమున విస్తరాకులు పెంటకుప్పకు పోవును. వానితోపాటు నిన్నటి మంచితనము కూడ పోవుచున్నదా, లేక ఇంటనే నిలుచుచున్నదా? నేటి ప్రసంగమునకు విషయ మిదియే. దీనికి క్రిస్మసు పండుగ ఉదాహరణముగా గైకొనబడినది.

ఈ పండుగనే యేల గైకొనవలెను? రెండు కారణములు కలవు. డిసెంబరు మాసము రాగానే తెలుగు పల్లెలలో వెదురుబద్దలకు రంగుకాగితము లంటించి చేసిన నక్షత్రములు వెలుగును. రాత్రివేళ పిన్న పెద్దలు గుంపులుగా పాటలు పాడుచు ఇంటింటికి పోవుదురు. తరతరములుగా ఈ నేలమీద సాగుచున్న పండుగను పరదేశపు పండుగ యనుటకు వీలు లేదు. ఇది యొక కారణము. ఒకనాటి సద్బుద్ధిని ఏడాది పొడుగునను నిలుపుకొనుట యెట్లు అను ప్రశ్న ఈ పండుగ విషయమున పలుదేశములలో, పలువురిచేత, పలు విధముల విచారింపబడినది. ఇది రెండవ కారణము. క్రైస్తవులు దీనిని తమ యింటి మాటగా విందురు గాక. తక్కినవారు పొరుగింటి దీపమువలె చూతురు గాక. దీపము పొరుగింటిదైనను వెలుగు వీధికంతకును పడును.

లూకా సువార్త చెప్పు జననకథ ఒక సర్కారు పనితో మొదలగును. రోము చక్రవర్తి యైన అగస్తు జనసంఖ్య వ్రాయింపవలెనని ఆజ్ఞ చేసెను. ఎవరి పూర్వుల యూరికి వారు పోయి పేరు నమోదు చేయించుకొనవలెను. యోసేపు అను వడ్రంగి, నిండు చూలాలైన మరియను వెంటబెట్టుకొని నజరేతునుండి బేత్లెహేమునకు పోయెను. సత్రములో వారికి చోటు దొరకలేదు. పుట్టిన బిడ్డను గుడ్డలలో చుట్టి, పశువులు మేత తిను తొట్టిలో పండబెట్టిరి.

ఈ కథలో తఱచుగ గమనింపబడని విషయమొకటి కలదు. చక్రవర్తి లెక్కలో ఆ కుటుంబమునకు పద్దు కలదు. ఊరిలో ఆ కుటుంబమునకు గది లేదు. లెక్క కెక్కిన మనిషికి చోటు దొరకలేదు. సత్రపువాడు దుర్మార్గుడని సువార్త యెచ్చటను చెప్పలేదు. సత్రము నిండినది, అంతియే. లోకమున జరుగు అన్యాయములలో సగము క్రౌర్యమువలన జరుగును. తక్కిన సగము 'చోటు లేదు' అను మెత్తని మాటవలన జరుగును.

ఆ బిడ్డను చూడ వచ్చినవారు రెండు తెగలవారు. రాత్రివేళ పొలమున మందను కాచుకొను గొఱ్ఱెల కాపరులు మొదటివారు. తూర్పుదేశమునుండి బంగారము, సాంబ్రాణి, బోళము కానుకలుగా తెచ్చిన జ్ఞానులు రెండవవారు. వీరి కథ మత్తయి సువార్తలో కలదు. వచ్చుట యందఱికిని తెలిసినదే. తిరిగిపోవుట యెట్లు? కాపరులు స్తోత్రము చేయుచు తిరిగి తమ పనికి పోయిరి. జ్ఞానులు హేరోదు రాజునొద్దకు తిరిగి పోవలదని కలలో హెచ్చరింపబడి, వచ్చిన త్రోవను విడిచి వేఱొక త్రోవను తమ దేశమునకు పోయిరి. పండుగకు పోయి వచ్చువారి కిందు పాఠము కలదు. పని మాఱనక్కఱలేదు, కాపరి కాపరిగానే యుండవచ్చును. త్రోవ మాత్రము మాఱవలెను.

ఆ శిశువు ఏ నెలలో ఏ తేదీని పుట్టెనో నాలుగు సువార్తలలో ఒక్కటియు చెప్పలేదు. నాలుగవ శతాబ్దము నాటికి రోము నగరమున డిసెంబరు 25వ తేదీని జన్మోత్సవము జరుపుట వాడుకకు వచ్చెను. ఆర్మీనియా సంఘమువారు జనవరి 6వ తేదీని జరుపుదురు. పాత పంచాంగమును వీడని రష్యా మొదలగు దేశముల సంఘములకు అది జనవరి 7వ తేదీని వచ్చును. కావున తేదీ మనుష్యులు సౌకర్యముకొఱకు ఏర్పఱచుకొన్నది. తేదీ చెప్పని సువార్త చేయవలసిన పనులను మాత్రము ఒకటొకటిగా చెప్పినది. మత్తయి సువార్త 25వ అధ్యాయమున తుదితీర్పు ప్రస్తావన కలదు. అందు పేర్కొనబడిన పనులు ఆఱు: ఆకలిగొన్నవానికి అన్నము, దప్పిగొన్నవానికి నీరు, పరదేశికి ఆశ్రయము, బట్టలేనివానికి బట్ట, రోగికి పరామర్శ, చెఱలో నున్నవానికి పలుకరింపు. అల్పులలో అల్పునకు చేసినది దేవునికి చేసినట్లే యని దాని సారము. ఈ యాఱింటిలో ఒక్కదానికైనను తిథివార నక్షత్రములు లేవు. ఆకలి పంచాంగము చూచుకొని రాదు.

క్రైస్తవ పంచాంగమున మఱియొక విశేషము కలదు. పాశ్చాత్య సంఘములు డిసెంబరు 26వ తేదీని స్తెఫను స్మరణదినముగా పాటించును. అపొస్తలుల కార్యముల గ్రంథము 6వ అధ్యాయమున ఇతని వృత్తాంతము కలదు. యెరూషలేములోని తొలి సంఘమున పేద విధవరాండ్రకు దినదినమును ఆహారము పంచిపెట్టు ఏర్పాటుండెను. గ్రీకుభాష మాటలాడు కుటుంబముల విధవలకు ఆ పంపకములో లోపము జరుగుచున్నదని సణుగుడు పుట్టెను. పెద్దలు ఆ ఫిర్యాదును కప్పిపుచ్చలేదు. సంఘమునంతను పిలిచి, మంచిపేరు గల యేడుగురిని ఎన్నిక చేయించి, పంపకమును వారి కప్పగించిరి. ఆ యేడుగురిలో మొదటి పేరు స్తెఫనుది. తరువాత నతడు రాళ్ల దెబ్బలకు ప్రాణము విడిచి క్రైస్తవులలో మొదటి హతసాక్షి యయ్యెను.

జన్మోత్సవపు మఱునాడు తలచుకొనబడు ఈ మనుష్యుడు రోజువారీ కూటి పంపకములో పక్షపాతము లేకుండ చూచుటకు నియమింపబడినవాడు. ఆ యుద్దేశముతోనే పంచాంగము కూర్చిరని చెప్పుటకు వీలు లేకున్నను, అర్థము చక్కగా కుదిరినది. 25వ తేదీ పాట. 26వ తేదీ లెక్క. పాట పాడుట సులభము. ఎవరి పాలు ఎంత, అది వారి చేతికి చేరినదా లేదా యని విచారించుట కష్టము. ఆ కష్టమైన పనిలోనే పండుగ నిలుచును.

ఈ 26వ తేదీ విలువను కథారూపమున లోకమునకు చెప్పినవాడు ఆంగ్ల నవలాకారుడగు చార్లెసు డికెన్సు. 'క్రిస్మసు కేరల్' అను ఆయన చిన్నపుస్తకము 1843 డిసెంబరు 19వ తేదీని లండనులో వెలువడెను. దాని పుట్టుక తెలిసికొనదగినది. డికెన్సు పండ్రెండేండ్ల బాలుడై యుండగా 1824లో ఆయన తండ్రి అప్పు తీర్చలేక చెఱసాల పాలయ్యెను. బాలుడు బడి మాని, బూట్లకు పూయు నల్లరంగు తయారుచేయు కొట్టులో డబ్బాలకు చీటీలంటించి కూలి తెచ్చుకొనెను. ఆ గాయము జన్మమంతయు మానలేదు. 1843లో పనిపాటలు చేయు పసిపిల్లల స్థితిని గూర్చి విచారణసంఘమువారు వెలువరించిన నివేదికను చదివి చలించిపోయెను. దానిపై నొక కరపత్రము వ్రాయ తలపెట్టెను. సెప్టెంబరులో లండనులోని యొక నిరుపేద పిల్లల బడిని కన్నులార చూచెను. అక్టోబరు 5వ తేదీని మాంచెస్టరు నగరమున ఎథీనియము అను సంస్థ సహాయార్థము జరిగిన సభలో ప్రసంగించెను. పనిచేసికొని బ్రతుకువారికి పత్రికలు, పుస్తకములు, ఉపన్యాసములు అందించుటకు ఏర్పడిన సంస్థ యది. అప్పటికి అప్పులలో నుండెను. ఆ ప్రయాణముననే ఈ కథ ఆయన మనస్సున మొలకెత్తినదని చరిత్రకారులు చెప్పుదురు. పుస్తకశాలకు చేయూత నియ్యబోయిన వానికి పుస్తకమే దొరకినదన్నమాట. కరపత్రము కథగా మాఱెను. ఆఱు వారములలో వ్రాత ముగిసెను. అచ్చయిన 6,000 ప్రతులును క్రిస్మసు నాటికే చెల్లిపోయెను.

కథ యిది. ఎబెనీజరు స్క్రూజి యను వర్తకుడు లండనులో కొట్టు పెట్టుకొని లేవాదేవీలు నడుపుచుండును. అతని యొద్ద బాబ్ క్రాచిట్టు అను గుమాస్తా వారమునకు 15 షిల్లింగుల జీతముపై ప్రతులు వ్రాయుచుండును. ఎముకలు కొఱుకు చలిలో గుమాస్తా కుంపటికి ఒక్క బొగ్గుముక్క. క్రిస్మసునాడు పని లేకయే జీతమిచ్చుట తన జేబు కత్తిరించుట యని స్క్రూజి గొణుగుకొనును. బీదలకొఱకు చందా అడుగవచ్చిన వారిని, చెఱసాలలును బీదల కొట్టములును ఉండగా చందా లెందుకని పంపివేయును. ఆ రాత్రి, ఏడేండ్ల క్రిందట చనిపోయిన భాగస్వామి మార్లీ ప్రేతమై వచ్చును. అతని నడుమునకొక గొలుసు. ఆ గొలుసున డబ్బుపెట్టెలు, తాళములు, తాళపుచెవులు, ఖాతాపుస్తకములు, దస్తావేజులు. అది పరులు తగిలించినది కాదు. బ్రతికిన దినములలో కడియము వెనుక కడియముగా తానే చేసికొన్నది. ఖాతాపుస్తకము వ్రాయుట పాపము కాదు. ఖాతాలో మనిషి పేరు చెరిగి అంకె మాత్రమే కనబడునపుడు మొదటి కడియము పడును.

తరువాత మూడు ఆత్మలు వచ్చి స్క్రూజికి గడచిన దినములను, నడచుచున్న దినమును, రానున్న దినములను చూపును. గుమాస్తా కొడుకు, కుంటివాడైన చిన్న టిమ్ము, పరిస్థితులు ఇట్లే యున్నచో మరణించునని అతనికి తెలియును. తెల్లవారగానే స్క్రూజి మాఱిన మనుష్యుడు. క్రిస్మసు ఉదయమున నొక పెద్ద టర్కీ కోడిని కొని, పంపినవారెవరో తెలియకుండ గుమాస్తా యింటికి పంపును. మేనల్లుని యింటికి పోయి భోజనము చేయును.

ఇచ్చట ముగిసినచో ఇది పండుగ కథ మాత్రమే యగును. డికెన్సు ఇచ్చట ఆపలేదు. 26వ తేదీ ఉదయమున స్క్రూజి కొట్టునకు ముందుగా పోయి కూర్చుండును. గుమాస్తా పదునెనిమిదిన్నర నిమిషములు ఆలస్యముగా వణకుచు వచ్చును. స్క్రూజి మొదట కోపము నటించి, పిమ్మట జీతము పెంచుచున్నట్లు చెప్పును. కుటుంబమునకు సాయపడుదునని మాట యిచ్చును. అన్నిటికంటె ముందు కుంపటిలో బొగ్గు నింపుమనును. చిన్న టిమ్ము చావలేదు.

సోదరులారా! ఇందలి కిటుకును గ్రహింపవలెను. 25వ తేదీని పంపిన కోడి ఒక పూటతో సరి. 26వ తేదీని పెంచిన జీతము వారము వారమును వచ్చును. పిల్లవాని ప్రాణము నిలిపినది ఆ జీతము, ఆ బొగ్గు, ఆ నిత్యపు అక్కఱ. ఇంకొక భేదమును కలదు. దానము చేయువాడు తన పేరు దాచుకొనుట అందము. న్యాయము చేయువాడు తన పేరుతో, పట్టపగలు, లెక్కలో వ్రాసి చేయవలెను. లేనిచో రేపు అడుగువానికి ఆధారముండదు.

డికెన్సు తన కథను తాను పాటించెను. 1853 డిసెంబరు 27వ తేదీని బర్మింగుహాములో, క్రొత్తగా పుట్టుచున్న యొక విద్యాసంస్థకు నిధి సమకూర్చుటకై, ఈ కథను మొదటిసారి బహిరంగసభలో చదివెను. 30వ తేదీని అదే కథను పనివాండ్రకొఱకు ప్రత్యేకముగా, వారు చెల్లింపగల తక్కువ వెలకు చదివెను. అయినను ఒక్క మాట ఒప్పుకొనవలెను. ప్రతి యజమానునికిని రాత్రివేళ ప్రేతము వచ్చి బుద్ధి చెప్పదు. కావున దయతోపాటు చట్టమును వలయును. ఇంగ్లండులో స్త్రీలకును యువజనులకును కర్మాగారములలో పనివేళను దినమునకు 10 గంటలకు తగ్గించిన చట్టము 1847లో వచ్చెను. భారతదేశమున కనీస వేతనముల చట్టము 1948లో వచ్చెను. దయగలవాడు చట్టమునకు ముందుగా నడచును; దయలేనివానిని చట్టము వెనుకనుండి నడిపించును.

తెలుగుదేశమున ఇట్టి 26వ తేదీ పనులు జరుగలేదా? జరిగినవి. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీల్చి పిప్పిచేసిన ధాత కఱవును గూర్చి పెద్దలు చెప్పుకొందురు. ఆ కాలమున ఒంగోలులో జాన్ ఎవరెట్టు క్లౌ అను అమెరికా బాప్తిస్టు మిషనరీ యుండెను. ఆయన 1866 నుండి అచ్చట పనిచేయుచుండెను. యౌవనమున తన దేశమున భూమి సర్వే పని చేసినవాడు. ప్రభుత్వము కఱవు పనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండెను. కఱవు పనులలో మాదిగ కూలీలు పైతనిఖీదారుల దౌర్జన్యమునకు లోనగుచుండిరి. చేసిన పనికి తగిన కూలియు చేతికి వచ్చెడిది కాదు. క్లౌ గంజి పోయించి ఊరుకొనక, కాలువలో మూడున్నర మైళ్ల పనిని తానే కంట్రాక్టు తీసికొనెను. తన బోధకులను మేస్త్రీలుగా నిలిపెను. అన్ని కులములవారును వచ్చి త్రవ్విరి. పని చేసినవారికి కూలి సరిగా ముట్టెను.

అందు మఱియొక విశేషము కలదు. కఱవు సాయము జరుగుచుండగా తమకు బాప్తిస్మ మిమ్మని వేలాదిమంది అడిగిరి. క్లౌ ఆ కాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. అన్నముకొఱకు వచ్చినవారెవరో, విశ్వాసముతో వచ్చినవారెవరో తేలవలెనని ఆయన తలంపు. కఱవు తగ్గుముఖము పట్టిన పిదపనే మఱల ఆరంభించి, 1878 జూలై 3వ తేదీని ఒక్క దినమున గుండ్లకమ్మ యేటిలో 2,222 మందికి బాప్తిస్మములు ఇప్పించెను. మతాంతరమును గూర్చి ఎవరి యభిప్రాయము వారికుండవచ్చును. అన్నమునకు వెల కట్టరాదను నియమమును మాత్రము ఏ మతమువారైనను మెచ్చవలసినదే. కూలికి కూలి, అన్నమునకు అన్నము. ఒకదానిని చూపి వేఱొకటి అడుగుట వ్యాపారము.

గుంటూరున అన్నా సారా కుగ్లరు అను అమెరికా వైద్యురాలి కథయు ఇట్టిదే. ఆమె 1883లో వచ్చెను. వైద్యమునకు మిషనువారు అప్పటికి సిద్ధముగా లేకున్నను, బోధనపనితోపాటు రోగులను చూచుచునే యుండెను. పరపురుషుని యెదుటకు రాక ఇండ్లలోనే ప్రాణములు విడుచు స్త్రీలకొఱకు 1898లో ఆసుపత్రి తెఱవబడెను. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసెను. ఏండ్ల తరబడి ఆమె జరిపిన క్రిస్మసు ఆసుపత్రి వసారాలలో జరిగినది. ప్రసవవేదన డిసెంబరుకొఱకు ఆగదు గదా!

ఇది క్రైస్తవులకు మాత్రమే చెందిన ధర్మమా? తెలుగు భారతమును, భాగవతమును చదివినవారు అట్లు తలపరు. తిక్కన సోమయాజి రచించిన అశ్వమేధపర్వమున ముంగిస కథ కలదు. ధర్మరాజు అశ్వమేధము చేసి లెక్కకు మిక్కిలి దానములిచ్చెను. అందఱును కొనియాడుచుండగా, సగము దేహము బంగారమైన ముంగిస యొకటి వచ్చి ఆ యాగమును తేలికచేసి పలికెను. కురుక్షేత్రమున నొక పేద బ్రాహ్మణుడు పరిగె యేరుకొని బ్రతుకుచుండెను. కఱవు దినములలో దొరకిన కాసిని పేలపిండిని భార్య, కొడుకు, కోడలు, తాను నలుగురును పంచుకొని తినబోవుచుండగా అతిథి వచ్చెను. నలుగురును ఒకరి తరువాత నొకరు తమ పాళ్లు అతిథికి పెట్టిరి. ఆ నేలమీద రాలిన పిండిలో పొరలగా ముంగిసకు సగము దేహము బంగారమయ్యెను. తక్కిన సగముకొఱకు అది యాగశాల లన్నియు తిరిగెను; ధర్మరాజు యాగశాలలోను అది బంగారము కాలేదు. మహోత్సవము చేయలేని పని దినభత్యపు పిండి చేసినది.

పోతనామాత్యుని భాగవతమున నవమస్కంధములోని రంతిదేవుని కథ దీనికి తోబుట్టువు. నలువదియెనిమిది దినములు అన్నోదకములు లేక కృశించిన రాజునకు కొంచెము ఆహారము దొరకెను. బ్రాహ్మణుడు వచ్చెను, శూద్రుడు వచ్చెను, కుక్కలతో నొకడు వచ్చెను. అన్నము వారికి పోయెను. మిగిలిన నీరు త్రాగబోవుచుండగా దప్పితో నోరెండిన చండాలుడు వచ్చెను. రాజు ఆ నీటిని కూడ అతనికే పోసెను. నీటికడనే కులమును కావలి నిలిపిన దేశమున, కడపటి గ్రుక్కెడు నీరు ఎవరికి పోయెనో వ్రాసిపెట్టిన పుస్తకము ఇంటింటను పూజింపబడుచున్నది. పూజించువారు ఆ పుటను చదువుచున్నారా యన్నదియే ప్రశ్న.

ఇటలీదేశపు ఫ్రాన్సిసు అను సాధువు 1223లో గ్రెచ్చో గ్రామమున పశువుల తొట్టిని, ఎద్దును, గాడిదను నిలిపి జన్మోత్సవము జరిపెను. ఆ దినమున ధనికులు బీదలకు కడుపునిండ పెట్టవలెననియు, ఎద్దులకు మేత హెచ్చుగా వేయవలెననియు, పక్షులకు గింజలు చల్లవలెననియు ఆయన కోరిక. ఇది విన్న తెలుగు రైతునకు కనుమనాడు పశువులను కడిగి పూజించుటయు, పిచ్చుకలకొఱకు చూరున వరికంకుల కుచ్చులు కట్టుటయు తలపునకు రాక మానవు. సంక్రాంతి క్రిస్మసు తరువాత మూడు వారములకే వచ్చును. రెండు పండుగలును ఒకే పంట యింటికి చేరు ఋతువులో వచ్చును. ఆ పంటను కోసిన చేతులకు ఎంత ముట్టినదను ప్రశ్నయు ఆ రెండింటికిని ఉమ్మడిదే.

ఒక్కనాటితో ముగిసిన మంచితనమునకు చరిత్రలో దుఃఖకరమైన నిదర్శన మొకటి కలదు. 1914 క్రిస్మసునాడు పశ్చిమ రణరంగమున పెక్కుచోట్ల ఆంగ్ల, జర్మను సైనికులు కందకములనుండి వెలికి వచ్చి, చేతులు కలుపుకొని, పొగాకు పంచుకొని, తమ తమ మృతులను పాతిపెట్టుకొనిరి. అటుపిమ్మట తుపాకులు మఱల పేలినవి. యుద్ధము 1918 నవంబరు 11వ తేదీ వఱకు సాగినది. చేతులు కలిపినవారిలో ఎందఱు ఒకరి గుండ్లకు ఒకరు పడిపోయిరో! మఱునాడు లేని పండుగ ఇట్టిది.

ఇక ఊరి విషయము. ధర్మము దూరదేశపు కథలలో అందముగా నుండును. ఊరిలో చేదుగా నుండును. పండుగకు కూలివానికి ధోవతి పెట్టిన రైతు, ఆ కూలివాని కోతకూలిని మూడు వారములు ఆపినచో, ఆ ధోవతి ఎవరి సొమ్ము? పండుగనాడు మిఠాయి పంచిన షావుకారు, కట్టిన పైకమునకు నోటుమీద చెల్లు వేయక జాఱవిడిచినచో, ఆ మిఠాయి తీపియా? నక్షత్రము వెలిగిన రాత్రి పాలెమునకు పోయి ఆతిథ్యము గైకొన్నవాడు, మఱునాడు కాఫీ హోటలులో వేఱు గ్లాసును చూచి చూడనట్లు కూర్చున్నచో, ఆ రాకకు ఫలమేమి? అట్లే క్రైస్తవులును తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. ఒకే దేవుని బిడ్డల మని పాడినవారు, ఆరాధనకు కూర్చుండునపుడు ఏ కులమువారు ఏ వైపునని చూచుకొన్నచో, ఆ పాట ఎవరికి వినబడును? ఏడాది కొకసారి గుడిలో ప్రక్క ప్రక్కన నిలిచి పాడిన అన్నదమ్ములు తల్లికి నెలకెవరు తిండి పెట్టవలెనో వాదులాడుకొన్నచో, తొట్టిలోని శిశువునకు మఱల చోటు లేకపోయినట్లే.

ఈ ప్రశ్నలకు ధనము అక్కఱలేదు. నాటి కూలి నాడిచ్చుటకు, చెల్లు నాడే వేయుటకు, గ్లాసులు ఒకచోట కడుగుటకు, రోగి గడపలో ఒక మాఱు కాలు పెట్టుటకు ఖర్చేమి కలదు? ఖర్చు లేనిదగుటచేతనే మనస్సు అడ్డము వచ్చును. కానుక నిచ్చువాడు పై మెట్టున నిలిచి యిచ్చును. బాకీ తీర్చువాడు సమముగా నిలిచి ఇయ్యవలెను. పై మెట్టు దిగుట కష్టము. ఆ మెట్టు దిగుటయే ఆ తొట్టి కథలోని యర్థము.

కడపట గ్రంథాలయమును గూర్చి. సత్రములో చోటు లేకపోయిన కథతో ప్రసంగము మొదలైనది. ఊరిలో అందఱికిని చోటుండవలసిన ఇల్లు గ్రంథాలయము. ఇచ్చటి బల్లపై పత్రికను మొదట ఎవరు తీసికొందురో వారిది. కులము, కలిమి అడుగబడవు. అయినను సభ్యులారా, ఈ రజతోత్సవ సమయమున చందాదారుల పట్టికను ఒకసారి తిరుగవేసి చూడుడు. పాలెమునుండి పేర్లెన్ని కలవు? స్త్రీల పేర్లెన్ని కలవు? ధరావతు కట్టలేక గుమ్మముకడ నిలిచి, అట్టల బొమ్మలు చూచి తిరిగిపోవు పిల్లలెందఱు? చదువురాని ముసలివారికి వారమునకొక పూట పుస్తకము చదివి వినిపించువారు కలరా? పట్టికలో లేని పేర్లే ఈ సత్రములో చోటు దొరకనివారి పేర్లు. వారిని గుమ్మము దాటించుటకు ఒక తీర్మానము, కొంచెము ఓపిక చాలును.

ఇరువదియైదు సంవత్సరములు నిండిన సంస్థకు ఉత్సవము చేయుట తగినదే. తోరణములు కట్టుడు, దీపములు పెట్టుడు, పెద్దలను సన్మానింపుడు. కాని 25వ తేదీ వెనుక 26వ తేదీ యున్నట్లే, 25 సంవత్సరముల వెనుక 26వ సంవత్సరము కలదు. అది రేపటి సాయంకాలము, తోరణముల ఆకులు వాడిన పిదప, యథాప్రకారము తలుపు తీసి, దుమ్ము దులిపి, దీపము పెట్టుటతో ఆరంభమగును. ఆ తలుపు తీయు చేతికిని, ఆ గుమ్మములో మొదటిసారి అడుగు పెట్టబోవు పిల్లవానికిని శుభమగు గాక!